సైన్స్‌ను నమ్మడమూ ఒక మతమేనా?

"ఎలక్ట్రాన్‌ను మీరు చూశారా? లేదు. ఎవరో ఉందన్నారు, పుస్తకంలో రాశారు, మీరు నమ్మారు. దేవుడి విషయంలో మేం చేసేదీ అదే కదా?"

దేవుడు, సైన్స్ అని ఎక్కడ వాదన మొదలైనా కాసేపటికి ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. అవతలివాళ్లు ఠక్కున ఇచ్చే జవాబూ అందరికీ తెలిసిందే: సైన్స్‌కు రుజువులుంటాయి, మతానికి ఉండవు. కానీ ఆ జవాబు ప్రశ్నకు తగలదు. అడిగినాయన రుజువులు ఉన్నాయా అనలేదు, వాటిని మీరు చూశారా అన్నాడు. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లని మనలో చాలామంది చెప్పగలం. రాళ్లలో యురేనియం ఎంత, సీసం ఎంత అని కొలిచినవాళ్లం ఎంతమందిమి? యాంటీబయాటిక్ వేసుకునేటప్పుడు అది బ్యాక్టీరియాను ఎలా చంపుతుందో స్వయంగా చూసి వేసుకున్నామా? డాక్టరు చెప్పాడు, వేసుకున్నాం.

కాబట్టి మొదట ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. సైన్స్ మీద మామూలు మనిషికి ఉన్న నమ్మకంలో ఎక్కువ భాగం మరొకరి మాట మీద నమ్మకమే. సైన్స్ అభిమానులు ఈ సంగతి దగ్గర ఎందుకో తడబడతారు. ఒప్పుకుంటే ఓడిపోయినట్టేనని భయం కాబోలు. ఆ భయం అనవసరం. నమ్మేవాడి మనసులోకి తొంగిచూస్తే సైన్స్‌కూ మతానికీ తేడా పెద్దగా కనబడకపోవచ్చు. ఆ మాట ఎవరిది, ఎలా పుట్టింది, తప్పని తేలితే దాన్ని ఏం చేస్తారు అని అటువైపు చూస్తే మాత్రం చాలా తేడా ఉంటుంది.

శాస్త్రవేత్తలకూ తప్పని నమ్మకం

1660లో లండన్‌లో ఏర్పడిన రాయల్ సొసైటీ ఒక లాటిన్ వాక్యాన్ని తన నినాదంగా పెట్టుకుంది. ఎవరి మాటనూ ప్రమాణంగా తీసుకోవద్దని దాని భావం. పెద్దలు చెప్పారు కాబట్టి నిజం అనే పద్ధతి మీద అది తిరుగుబాటు. ప్రయోగం చేసి, నలుగురి ముందు చూపించి, అప్పుడు ఒప్పించాలి. సభ్యులు ఓ గదిలో పట్టేంతమంది ఉన్న రోజుల్లో అది కొంతవరకు సాధ్యమైంది కూడా.

ఇప్పుడు సాధ్యం కాదు. హిగ్స్ అనే సూక్ష్మ కణం ద్రవ్యరాశి ఎంతో చెబుతూ 2015లో వచ్చిన పేపర్‌కు రచయితలు 5,154 మంది. మొత్తం 33 పేజీల్లో 24 పేజీలు వాళ్ల పేర్లకూ సంస్థల పేర్లకే సరిపోయాయి. వాళ్లలో ఏ ఒక్కరూ అందులోని ప్రతి అంకెనూ స్వయంగా సరిచూసి ఉండరు. డిటెక్టర్ కట్టినవాళ్లు ఒకరు, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఇంకొకరు, డేటాను వడగట్టినవాళ్లు మరొకరు. ఒకరి పనిని ఇంకొకరు నమ్మకపోతే ఆ పేపరే లేదు. జాన్ హార్డ్‌విగ్ అనే తత్వవేత్త 1985లోనే ఈ విషయం మీద వాదించాడు. కొన్ని విషయాల్లో సొంతంగా తేల్చుకుంటానని పట్టుబట్టడం కంటే తెలిసినవాళ్లకు వదిలేయడమే హేతుబద్ధం అన్నాడు. అన్నీ సొంతంగా పరీక్షించుకుంటానని భీష్మించిన మనిషికి చివరికి తెలిసేది చాలా తక్కువ. సోషల్ మీడియాలో "సొంతంగా రీసెర్చ్ చేశాను" అనేవాళ్లు చేసేది చాలాసార్లు ఒకరిని నమ్మడం మానేసి, అంతకంటే తక్కువ తెలిసిన మరొకరిని నమ్మడమే.

అంటే నమ్మకం అనేది సైన్స్‌లో ఎక్కడో మూలన దాక్కున్న లోపం కాదు. అది లేకపోతే పని నడవదు.

ఆప్తుడు ఎవరు?

పరుల మాటను ఎప్పుడు నమ్మవచ్చు అన్నది మన దర్శనాలు శతాబ్దాల పాటు నలగ్గొట్టిన ప్రశ్న. ఇప్పటి చర్చలో ఎవరూ ఆ వైపు చూడకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. భౌతికవాదులైన చార్వాకులు ప్రత్యక్షం తప్ప మరో ప్రమాణాన్ని, అంటే జ్ఞానానికి మరో ఆధారాన్ని, ఒప్పుకోలేదు. తర్కానికి పేరున్న న్యాయ దర్శనం నాలుగింటిని ఒప్పుకుంది: ప్రత్యక్షం, అనుమానం (కనబడినదాన్ని బట్టి కనబడనిదాన్ని తేల్చడం), ఉపమానం (పోలిక), శబ్దం. శబ్దం అంటే ఆప్తుడు చెప్పిన మాట అని న్యాయసూత్రం. ఆప్తుడు ఎవరంటే, విషయాన్ని నేరుగా తెలుసుకున్నవాడు, తెలుసుకున్నదాన్ని తెలుసుకున్నట్టే చెప్పాలని కోరుకునేవాడు అని ఆ సూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యం. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని కూడా ఆ వెంటనే అంటాడు. ఎవరు చెప్పారన్నది కులగోత్రాలను బట్టి కాదు, ఆ మనిషికి ఆ విషయంలో ఉన్న అర్హతను బట్టి చూడమని దాని అర్థం.

ఇంకా ఆసక్తికరమైనది వేదవాక్యాల అర్థాన్ని తేల్చే మీమాంసకులతో న్యాయ దర్శనం వారి తగాదా. మీమాంసకుల ప్రకారం జ్ఞానం దానంతట అదే ప్రమాణం. తర్వాత ఏదైనా దాన్ని తప్పని తేలిస్తే తప్ప బయటి నుంచి సాక్ష్యం అక్కర్లేదు. వేదం అపౌరుషేయం, అంటే రాసిన మనిషే లేడు, కాబట్టి మనిషి దోషాలు దానికి అంటవు. న్యాయం వారు దీన్ని ఒప్పుకోలేదు. ఒక జ్ఞానం సరైనదో కాదో బయటి నుంచే తెలియాలన్నారు. దూరంగా నీళ్లు కనబడ్డాయి, వెళ్లాం, దాహం తీరింది, అప్పుడు చూసింది నీళ్లేనని రుజువైంది. వేదం ప్రమాణమని చెప్పడానికి కూడా వాళ్లు ఈ దారే పట్టారు: మంత్రం, ఆయుర్వేదం ఫలిస్తున్నాయి కాబట్టి అవి చెప్పినవాళ్లు ఆప్తులు, అలాగే ఇదీ అన్నారు. ఆ వాదన నెగ్గుతుందా లేదా అన్నది వేరే సంగతి. నమ్మకానికి బయటి పరీక్ష కావాలా అక్కర్లేదా అన్న చీలిక ఆస్తికుల మధ్యనే ఉందని గుర్తుంచుకుంటే చాలు.

సైన్స్ మీద పెట్టే నమ్మకం న్యాయం వారి కోవలోది. మాట పరులదే, కానీ ఆ మాటకు పూచీ బయట ఎక్కడో ఉంటుంది.

చూడనిదాన్ని ఎలా నమ్మారు

"చూశారా?" అన్న ప్రశ్న భక్తులే కనిపెట్టింది కాదు. పరమాణువుల గురించి ఎవరైనా ఎత్తితే భౌతిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాఖ్ "మీరు ఒకదాన్నైనా చూశారా?" అని అడిగేవాడని చెబుతారు. 19వ శతాబ్దం చివర్లో అది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. రసాయన శాస్త్రంలో పేరున్న విల్హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ కూడా పరమాణువులు లెక్కల సౌకర్యానికి పెట్టుకున్న ఊహలేనని అనేవాడు.

ఆ తర్వాత కూడా చాలాకాలం పరమాణువును ఎవరూ చూడలేదు. అయినా వాదన తేలిపోయింది. నీళ్లలో తేలే సన్నటి రేణువులు అటూ ఇటూ కదులుతూ ఉంటాయి. కంటికి కనబడని అణువులు వాటిని గుద్దుతున్నాయనుకుంటే ఆ కదలిక ఎలా ఉండాలో ఐన్‌స్టైన్ 1905లో లెక్కగట్టాడు. ఫ్రాన్స్‌లో జాఁ పెరాఁ అనే భౌతిక శాస్త్రవేత్త మైక్రోస్కోపు కింద ఆ రేణువులను ఓపిగ్గా లెక్కపెట్టి, నిర్ణీత పరిమాణంలో అణువులు ఎన్నుంటాయో రాబట్టాడు. అక్కడితో ఆగలేదు. ఆకాశం నీలిరంగు నుంచి, రేడియోధార్మికత నుంచి, వేడెక్కిన వస్తువులు వెదజల్లే కాంతి నుంచి, విద్యుదావేశం నుంచి అదే సంఖ్యను విడివిడిగా లెక్కగట్టిన ఫలితాలన్నీ ఒకచోట చేర్చాడు. ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని దారులు. అన్నీ దాదాపు ఒకే అంకె దగ్గరికి చేరాయి: 6 తర్వాత 23 సున్నాలు, కాస్త అటూ ఇటూగా. అణువులే లేకపోతే ఇన్ని దారులు ఒకేచోట కలవడం నమ్మశక్యం కాదు. ఓస్ట్‌వాల్డ్ 1909లో తన పొరపాటును బాహాటంగా ఒప్పుకున్నాడు.

పెరాఁ ప్రయోగాన్ని నేను చేయలేదు, చేయలేను కూడా. కానీ ఇక్కడ నేను నమ్ముతున్నది పెరాఁను కాదు. ఒకరితో ఒకరు కూడబలుక్కునే వీల్లేని సాక్షులు ఒకే మాట చెబుతున్న తీరును నమ్ముతున్నాను. దాన్ని అంచనా వేయడానికి భౌతిక శాస్త్రంలో డిగ్రీ అక్కర్లేదు. మతానుభవాలు కూడా దేశదేశాల్లో ఒకే రకంగా ఉంటాయని వాదించేవాళ్లున్నారు, వాళ్ల మాటలో కొంత నిజం ఉండొచ్చు. అయితే సృష్టి ఎలా జరిగింది, చనిపోయాక ఏమవుతుంది, దేవుడు ఎవరితో మాట్లాడాడు అని వివరాల్లోకి దిగితే మతాల సాక్ష్యాలు ఒకచోట కలవవు. అంకెలు కలిసినట్టు కలవాలని వాటిని అడగడం సబబా కాదా అన్న సంగతి తర్వాత చూద్దాం.

ఒకే మనిషి, రెండు గ్రహాలు

తప్పని తేలితే వదిలేయడమే సైన్స్ లక్షణం అని బడిలో చెబుతారు. తత్వవేత్త కార్ల్ పాపర్ పేరు కూడా జోడిస్తారు. చరిత్ర అంత సులువుగా లేదు. ఈ పోలిక మీద గట్టిగా వాదించదలచుకున్న భక్తుడికి నేనిచ్చే మంచి ఆయుధం ఖగోళ శాస్త్రవేత్త ఉర్బేన్ లెవెర్యే కథ.

1781లో కనిపెట్టిన యురేనస్, న్యూటన్ సూత్రాలు చెప్పిన దారిలో సరిగ్గా నడవడం లేదని తర్వాతి దశాబ్దాల్లో తెలిసింది. బడిపాఠం ప్రకారమైతే న్యూటన్‌ను అప్పుడే పక్కన పెట్టాలి. ఎవరూ పెట్టలేదు. కనబడని గ్రహమేదో దాన్ని లాగుతోందని అనుకున్నారు. ప్రార్థన ఫలించనప్పుడు "దీని వెనక మనకు తెలియని కారణం ఏదో ఉంది" అనే భక్తుడికీ వీళ్లకూ పైకి తేడా ఏముంది? ఫ్రాన్స్‌లో లెవెర్యే ఆ గ్రహం ఆకాశంలో ఎక్కడుండాలో కాగితం మీద లెక్కగట్టి బెర్లిన్‌కు ఉత్తరం రాశాడు. అది 1846 సెప్టెంబరు 23న అందింది. ఆ రాత్రే అక్కడి ఖగోళ శాస్త్రవేత్త యోహాన్ గాలె టెలిస్కోపు తిప్పి చూస్తే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది.

పదమూడేళ్ల తర్వాత అదే లెవెర్యే బుధ గ్రహం దగ్గర ఇంకో తేడా పట్టాడు. బుధుడు సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే బిందువు మెల్లగా జరుగుతూ ఉంటుంది. మిగతా గ్రహాల ప్రభావమంతా లెక్కేసినా కొంత జరుగుడు మిగిలిపోతోంది. అది వందేళ్లకు 40 ఆర్క్‌సెకండ్లకు అటూ ఇటూ ఉంటుంది. ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు. ఒకసారి గెలిపించిన ఎత్తుగడే కదా, మళ్లీ వేశాడు: సూర్యుడికీ బుధుడికీ మధ్య కనబడని గ్రహం ఉండాలి. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. సూర్యబింబం మీదుగా నల్లటి చుక్క వెళ్లడం చూశానని ఓ పల్లెటూరి డాక్టరు చెబితే, లెవెర్యే స్వయంగా వెళ్లి ప్రశ్నించి నమ్మాడు. తర్వాత ఎన్నో గ్రహణాల్లో వెతికారు. ఒకరిద్దరు చూశామన్నారు, మిగతావాళ్లకు కనబడలేదు. లెవెర్యే వల్కన్ మీద నమ్మకంతోనే 1877లో చనిపోయాడు, అదీ నెప్ట్యూన్ దొరికిన సెప్టెంబరు 23నే. బుధుడి గుట్టు 1915 నవంబరులో విడింది. ఐన్‌స్టైన్ కొత్త గురుత్వ సిద్ధాంతం ఏ అదనపు గ్రహమూ లేకుండానే ఆ మిగులును, 43 ఆర్క్‌సెకండ్లను, సరిగ్గా ఇచ్చింది.

మనిషి ఒక్కడే, ఎత్తుగడ ఒకటే, నమ్మకపు గట్టిదనమూ ఒకటే. ఆ మనిషి మనసును పరీక్షిస్తే, సరైన నమ్మకాన్నీ తప్పు నమ్మకాన్నీ వేరుచేసే గుర్తేదీ దొరకదు. తేడా ఎక్కడ వచ్చిందంటే, రెండుసార్లూ ఎక్కడ వెతకాలో ఆయన చెప్పాడు. చెప్పిన చోట లేకపోతే లేదని అందరికీ తెలిసిపోతుంది. ఇంకో సంగతి, వల్కన్‌ను పుస్తకాల్లోంచి తీసేయడానికి లెవెర్యే అనుమతి ఎవరికీ కావాల్సి రాలేదు. నెప్ట్యూన్‌ను ఇచ్చిన మహానుభావుడి మాటగా దాన్ని కాపాడుకోవాల్సిన అవసరమూ ఎవరికీ లేదు. ఆ ఎత్తుగడ మొండితనమో కాదో మొదటిసారి వేసినప్పుడు చెప్పలేం. భక్తుడి "తెలియని కారణం" విషయంలో చిక్కు ఏమిటంటే, దాన్ని ఎక్కడ వెతకాలో ఆయన చెప్పడు. చాలాసార్లు చెప్పాల్సిన అవసరం ఉందనీ అనుకోడు.

ఐన్‌స్టైన్‌ను కాదన్నవాళ్లకు ఏమైంది

కాంతి కంటే వేగంగా ఏదీ వెళ్లదన్నది ఇప్పటి భౌతిక శాస్త్రంలో మతసూత్రానికి బాగా దగ్గరగా వచ్చే మాట. 2011 సెప్టెంబరులో ఒపేరా అనే ప్రయోగ బృందం దానికి విరుద్ధమైన ఫలితం ప్రకటించింది. జెనీవా దగ్గరి సెర్న్ అనే భౌతిక శాస్త్ర పరిశోధన కేంద్రం నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలకు, సుమారు 730 కిలోమీటర్ల దూరాన్ని, న్యూట్రినోలు అనే అతి తేలికైన కణాలు కాంతి కంటే 60 నానోసెకండ్లు (సెకనులో వంద కోట్లవ వంతులు 60) ముందుగా దాటాయన్నారు. చెప్పిన తీరు గమనించదగ్గది: తప్పు కోసం మేం వెతికాం, దొరకలేదు, మీరూ వెతకండి అన్నారు. అదే ప్రయోగశాలలోని ఇంకో బృందం కొలిచి చూస్తే న్యూట్రినోలు కాంతిని దాటలేదు. 2012లో అసలు సంగతి బయటపడింది. ప్రధానంగా ఒక ఆప్టికల్ ఫైబర్ కేబుల్ సరిగ్గా బిగించలేదు. బృందం నాయకులు ఇద్దరు పదవుల నుంచి తప్పుకున్నారు.

వాళ్ల మీద వచ్చిన విమర్శ "ఐన్‌స్టైన్‌నే కాదంటారా" అని కాదు, "తొందరపడ్డారు" అని. ఫలితం నిలబడి ఉంటే వాళ్లు ఆ తరంలోకెల్లా గొప్పవాళ్లయ్యేవాళ్లు. సైన్స్‌లో పేరు రావాలంటే అందరూ ఒప్పుకున్నదాంట్లో తప్పు పట్టడం కంటే దగ్గరి దారి లేదు. శాస్త్రవేత్తలు మిగతా మనుషుల కంటే నిజాయతీపరులని నేను అనుకోను. ఒకరి తప్పు ఇంకొకరికి లాభమయ్యేలా ఏర్పాటు ఉంది, నా నమ్మకం ఆ ఏర్పాటు మీద.

ఆ ఏర్పాటు ఎంత బాగా పనిచేస్తుంది అంటే, సైన్స్ ప్రచారకులు చెప్పేంత బాగా కాదు. మనస్తత్వ శాస్త్రంలో అంతకుముందు ప్రచురితమైన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసిన ఫలితాలు 2015లో వచ్చాయి. మొదట వాటిలో 97 శాతం గణాంకపరంగా బలమైన ఫలితం వచ్చిందని చెప్పుకున్నాయి. రెండోసారి అలా వచ్చినవి 36 శాతం. టీకాకూ ఆటిజానికీ ముడిపెడుతూ 12 మంది పిల్లల వివరాలతో 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పేపర్‌ను వెనక్కి తీసుకోవడానికి 2010 దాకా పట్టింది. అందులోని మోసాన్ని బయటపెట్టడంలో ముఖ్యపాత్ర ఒక జర్నలిస్టుది, శాస్త్రవేత్తది కాదు. ఖండాలు కదులుతాయని ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1912లో చెబితే చాలామంది నవ్వారు. 1960లలో సముద్రం అడుగున అయస్కాంత చారలు చదివాకే అది నిలిచింది, అప్పటికి ఆయన పోయి 30 ఏళ్లు దాటింది. శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం నుంచి ఇంకోదానికి మారడాన్ని సైన్స్ చరిత్రకారుడు థామస్ కూన్ 1962లో ఏకంగా మతం మార్చుకోవడంతోనే పోల్చాడు. "సైన్స్ తనను తాను సరిదిద్దుకుంటుంది" అని అలవోకగా అంటాం గానీ, అది తనంతట తాను జరగదు. ఎవరో ఒకరు డబ్బూ సమయమూ పెట్టి, కొన్నిసార్లు కెరీర్‌ను పణంగా పెట్టి దిద్దాలి. దిద్దేలోపు జరిగే నష్టం జరిగిపోతుంది.

రేపు కూడా ఇలాగే ఉంటుందని నమ్మకమేమిటి?

ఈ వాదనలో ఇంకో మెట్టు ఉంది, తత్వశాస్త్రం చదివినవాళ్లు ఎక్కేది. ప్రకృతి నియమాలు రేపు కూడా ఇలాగే ఉంటాయని ఏ ప్రయోగమూ రుజువు చేయలేదు. ఇన్నాళ్లూ అలాగే ఉన్నాయి కదా అంటే, తేల్చాల్సినదాన్నే ఆధారంగా చూపించినట్టు. తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 18వ శతాబ్దంలో దీన్ని ఎత్తి చూపాడు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందని అన్ని చోట్లా చూసి చెప్పావా అని చార్వాకులు అడిగిందీ దాదాపు ఇదే. కాబట్టి సైన్స్ పునాదిలోనే రుజువు లేని నమ్మకం ఉంది అంటారు.

ఉంది. న్యాయ దర్శనానికి చెందిన ఉదయనాచార్యుడు చార్వాకుడికి ఇచ్చిన జవాబు కంటే మంచిది నాకు తెలియదు. సందేహానికీ ఒక హద్దుంది, నీ సందేహం నీ చేతలకే ఎదురు తిరిగే చోట అది ఆగిపోవాలి అన్నాడు. నిప్పుకూ పొగకూ సంబంధం లేదని శంకించేవాడు కూడా పొగ కావాలంటే నిప్పే వెతుక్కుంటాడు, ఆకలేస్తే అన్నమే తింటాడు. (ఈ జవాబునూ వదలకుండా, ఉదయనుడి శ్లోకాన్నే తిరగేసి ఎగతాళి చేసినవాడు శ్రీహర్షుడు. మన శ్రీనాథుడు తెనిగించిన నైషధకర్త ఆయనే.) ఉదయనుడు తర్కంలో పూర్తిగా గెలిచాడో లేదో గానీ, ఒకటి మాత్రం స్పష్టం. రేపు కూడా లోకం ఇలాగే నడుస్తుందన్న నమ్మకం ఆస్తికుడికీ నాస్తికుడికీ ఉమ్మడి ఆస్తి. ఇద్దరికీ ఉన్నదాన్ని చూపించి ఇద్దరూ ఒకటే అంటే, తేడా గురించి ఏమీ చెప్పనట్టే.

మతానికీ అన్యాయమే

ఈ పోలిక వల్ల సైన్స్‌కే నష్టమని హేతువాదులు కోపగించుకుంటారు. నన్నడిగితే మతానికే ఎక్కువ నష్టం. దేవుడి మీద భక్తుడి నమ్మకాన్ని ఎలక్ట్రాన్ ఉందన్న నమ్మకంతో పోల్చడమంటే, దాన్ని ఇంకా తేలని ఒక పరికల్పన స్థాయికి దించడం. ప్రార్థన చేసే మనిషి ఒక ప్రతిపాదనకు ఎంత సంభావ్యత ఉందో లెక్కేసుకోడు. శరణాగతి, కృతజ్ఞత, దుఃఖంలో తోడు, ఎలా బతకాలన్న నిశ్చయం, ఇవన్నీ అందులో ఉంటాయి. తగినంత ఆధారం లేకుండా ఏది నమ్మినా తప్పేనని గణిత శాస్త్రవేత్త విలియం క్లిఫర్డ్ 1877లో అంటే, కొన్ని విషయాల్లో ఆధారం కోసం ఆగితే అసలు విషయమే చేజారుతుందని తత్వవేత్త విలియం జేమ్స్ 1896లో జవాబిచ్చాడు. స్నేహం అలాంటిది: ముందు కాస్త నమ్మితే గానీ అది పుట్టదు.

సరిహద్దు ఎక్కడ గీయాలన్నదానికి ఆదిశంకరుల మాట ఒకటుంది. నిప్పు చల్లగా ఉంటుందనో, వెలుగు ఇవ్వదనో వంద శ్రుతులు (వేదవాక్యాలు) చెప్పినా అది ప్రమాణం కాదు అంటారు గీతాభాష్యంలో. ప్రత్యక్షానికీ అనుమానానికీ అందని విషయాల్లోనే శ్రుతి ప్రమాణం. దీన్ని ఒప్పుకుంటే, భూమి వయసెంత, మందు పనిచేస్తుందా, గ్రహణం ఎందుకు పడుతుంది లాంటివి మతం తేల్చేవి కావు. మతం ఆ విషయాల్లోకి వచ్చి మాట్లాడితే లెవెర్యేకు పెట్టిన పరీక్షే దానికీ పెట్టాలి. మనిషి ఎందుకోసం బతకాలన్న ప్రశ్న మైక్రోస్కోపు కింద తేలదు, సైన్స్ అక్కడికొచ్చి తీర్పులిస్తే దాన్నీ ఆపాలి.

నిజంగానే మతమైపోయినప్పుడు

సైన్స్ మీద నమ్మకం అచ్చంగా గుడ్డి నమ్మకంగా మారిన సందర్భాలు లేకపోలేదు. సోవియట్ యూనియన్‌లో ట్రోఫిమ్ లైసెంకో అనే వ్యవసాయ శాస్త్రవేత్త జన్యుశాస్త్రాన్ని తప్పుపట్టాడు. ప్రయోగాలతో కాదు, స్టాలిన్ అండతో. 1948లో జరిగిన వ్యవసాయ అకాడమీ సమావేశం తర్వాత అక్కడ జన్యుశాస్త్రం దాదాపు నిషిద్ధమైంది. ప్రపంచమంతటి నుంచీ విత్తనాలు సేకరించిన నికొలాయ్ వావిలోవ్ అంతకు ముందే, 1943లో, జైల్లో చనిపోయాడు. అక్కడ ప్రయోగశాలలున్నాయి, పత్రికలున్నాయి, ప్రొఫెసర్లున్నారు. లేనిదల్లా "నువ్వు తప్పు" అని చెప్పి క్షేమంగా ఇంటికి వెళ్లే వీలు.

అంత ఘోరం కాకపోయినా, మిగతా చోట్లా చిన్న రూపాలున్నాయి. లైనస్ పాలింగ్ రెండు నోబెల్ బహుమతులు అందుకున్నాడు, ఒకటి రసాయన శాస్త్రంలో, ఇంకోటి శాంతికి. అంతటివాడు 1970 నుంచి విటమిన్ సీ భారీగా వేసుకుంటే జలుబు రాదని ప్రచారం చేశాడు. జనం నమ్మారు. తర్వాతి పరీక్షల్లో మామూలు మనుషుల్లో జలుబు రాకుండా అది ఆపినట్టు తేలలేదు. రసాయన బంధాల విషయంలో పాలింగ్ ఆప్తుడే, జలుబు విషయంలో కాదు. వాత్స్యాయనుడి కొలబద్ద ఇక్కడ నేరుగా పనికొస్తుంది. "నోబెల్ వచ్చినాయన చెప్పాడు", "సైన్స్ ఎప్పుడో చెప్పేసింది" అని పేపర్ ఏమిటో, దాని మీద ఎవరేమన్నారో అడక్కుండా వాదన ముగించేవాళ్లను చూస్తే, మొదట్లో ప్రశ్న అడిగినాయనతో ఏకీభవించాలనిపిస్తుంది. వాళ్ల విషయంలో ఆయన అన్నది నిజమే.

అందుకే సైన్స్ మొత్తాన్ని నమ్ముతారా లేదా అన్న ప్రశ్న నాకు అర్థం లేనిదిగా తోస్తుంది. పరమాణువులు ఉన్నాయన్నదాన్ని నమ్మినంతగా, మొన్న వచ్చిన ఒక్క ఆహార అధ్యయనాన్ని నమ్మడం తెలివితక్కువ. మొదటిదానికి వందేళ్లుగా వేర్వేరు దారుల సాక్ష్యం ఉంది, రెండోది ఒక బృందం ఒక్కసారి చెప్పిన మాట. ఇక పరిశోధన అంచు మీద ఉన్నవాటిలో ఎవరినీ నమ్మక్కర్లేని సందర్భాలూ ఉంటాయి. విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో ఇప్పుడు రెండు రకాలుగా కొలుస్తున్నారు. తొలినాటి విశ్వం నుంచి మిగిలిన మైక్రోవేవ్ వెలుగును బట్టి లెక్కేస్తే, ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు 67 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. సూపర్‌నోవాల (పేలిపోయే నక్షత్రాల) వంటి వాటి దూరాలు కొలిచి లెక్కేస్తే 73 దగ్గర వస్తుంది. ఈ తేడా ఏళ్ల తరబడి అలాగే ఉంది. రెండువైపులా పద్ధతులూ డేటా బయటే పెట్టారు, ఎవరైనా తీసుకుని తప్పు వెతకొచ్చు. కొలతలో పొరపాటుందా, విశ్వం గురించి మనకున్న అవగాహనలోనే ఏదైనా లోపం ఉందా అన్నది ఇంకా తేలలేదు.